మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ (ఎంఆర్‌ఎస్‌ఏ)

నిర్వచనం

స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాలో పెనిసిలిన్ కుటుంబపు మందులకూ, ఒకటి రెండు తప్ప సెఫలోస్పోరిన్‌లన్నిటికీ లొంగని రకాలను కలిపి ఎంఆర్‌ఎస్‌ఏ అంటారు. ఆసుపత్రి వాడుకలో ఇది ‘మర్సా’. మెథిసిలిన్ మందును తట్టుకుంటుందన్న అర్థంలో ఈ పేరు పెట్టారు. ఆ మందు వాడకం ఏనాడో పోయింది. చికిత్సలో దాని చోటును క్లాక్సాసిలిన్, సెఫజోలిన్ వంటివి, ల్యాబ్ పరీక్షలో సెఫాక్సిటిన్ తీసుకున్నాయి. ఈ మందులకు లొంగే మామూలు స్టాఫ్‌ను ఎంఎస్‌ఎస్‌ఏ అని పిలుస్తారు.

స్టాఫ్ ఆరియస్ గుండ్రంగా, సుమారు ఒక మైక్రోమీటరు వ్యాసంతో ఉండే గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా. ఆరోగ్యవంతుల్లో దాదాపు 30 శాతం మంది ముక్కుపుటాల్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. ఇలా ఉండటం వాహక స్థితి. అదే బ్యాక్టీరియా గాయంలోకో నెత్తురులోకో చేరి జబ్బు తెస్తే ఇన్‌ఫెక్షన్. ముక్కు నమూనాలో మర్సా కనిపించినంత మాత్రాన ఆ మనిషి రోగి కాడు, యాంటీబయాటిక్ మాత్రలు మింగవలసిన అవసరమూ లేదు. ఈ తేడా చెప్పేవారు లేక రోగులూ వారి బంధువులూ భయపడిపోవడం సాధారణం.

మందుకు లొంగకపోవడం వేరు, తీవ్రత వేరు. మర్సా అన్నంత మాత్రాన మామూలు స్టాఫ్ కంటే సహజంగా క్రూరమైనదని కాదు. సరైన మందు మొదలవడం ఆలస్యం కావడం, మొదలైన మందు క్లాక్సాసిలిన్ అంత చురుకైనది కాకపోవడం, రోగి అప్పటికే బలహీనంగా ఉండటం ఇవన్నీ కలిసి ప్రాణాపాయాన్ని పెంచుతాయి.

చరిత్ర

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880లో చీము గడ్డల నుంచి తీసిన ద్రవాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, ద్రాక్షగుత్తుల్లా గుమిగూడిన ఈ క్రిములను వర్ణించాడు. 1884లో జర్మన్ వైద్యుడు రోజెన్‌బాక్ వీటిని విడిగా పెంచి, బంగారు రంగు కాలనీలు కట్టే జాతికి ఆరియస్ అని పేరు పెట్టాడు.

1928లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కంటబడిన బూజు చుట్టూ కరిగిపోయినవి స్టాఫ్ కాలనీలే (చూ. పెనిసిలిన్). 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో పెనిసిలిన్ అందుకున్న తొలి రోగి ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు. స్టాఫ్, స్ట్రెప్టోకాకస్ క్రిములతో ముఖమంతా చీముపట్టిన అతను మందు పడగానే కోలుకోసాగాడు. కాని ఉన్న కొద్దిపాటి మందు అయిపోయింది. అతని మూత్రం నుంచి పెనిసిలిన్‌ను తిరిగి తీసి ఎక్కించినా చాలక చనిపోయాడు.

పెనిసిలిన్‌ను విరగ్గొట్టే స్టాఫ్ రకాలు 1942 నాటికే బయటపడ్డాయి. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ సాగించిన పరిశీలనలో 1948 కల్లా అక్కడి రోగుల నుంచి తీసిన స్టాఫ్‌లో సగానికి పైగా పెనిసిలిన్‌కు లొంగనివే. అంతకుముందు లొంగిన క్రిములే మారిపోయాయా అంటే కాదు. లొంగని రకాలు వార్డులో ఒకరి నుంచి మరొకరికి పాకి మిగతావాటిని పక్కకు నెట్టాయని ఆమె చూపింది. మర్సా కథలోనూ ఇదే మళ్లీ జరిగింది కాబట్టి ఈ పరిశీలన విలువైనది. 1950ల్లో 80/81 అనే రకం ఆస్ట్రేలియాలో మొదలై అనేక దేశాల ప్రసూతి వార్డుల్లో పసికందులను, బాలింతలను పీడించింది.

1948లో అమెరికాలోని లెడర్లే సంస్థ ఆరియోమైసిన్‌ను విడుదల చేసింది. నేలలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధన విభాగాన్ని నడిపించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు ఇదే. ఆ కుటుంబంలో తరువాత వచ్చిన డాక్సీసైక్లిన్ నేటికీ మర్సా చర్మ వ్యాధుల చికిత్సలో ఉంది (చూ. టెట్రాసైక్లిన్‌లు, సుబ్బారావు, యల్లాప్రగడ).

పెనిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌కు చిక్కని మందుగా మెథిసిలిన్ 1959–60లో వచ్చింది. 1961లో లండన్ శివారు కాలిండేల్‌లోని ప్రయోగశాల నుంచి పాట్రీషియా జెవన్స్ ప్రకటించిన ఫలితం వైద్యలోకాన్ని ఉలిక్కిపడేలా చేసింది. పరీక్షించిన ఐదు వేలకు పైగా నమూనాల్లో మూడు కొత్త మందుకు లొంగలేదు. ఆ మూడూ గిల్డ్‌ఫర్డ్‌లోని ఒకే ఆసుపత్రి నుంచి వచ్చాయి.

మందు వచ్చాకే నిరోధకత పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. దాచి ఉంచిన ఆనాటి నమూనాల జన్యుక్రమాన్ని చదివి 2017లో వెలువరించిన అధ్యయనం ఈ నమ్మకాన్ని తిరగరాసింది. నిరోధక జన్యువు 1940ల మధ్యలోనే, అంటే మెథిసిలిన్‌కు పుష్కరం ముందే, స్టాఫ్‌లో చేరింది. పెనిసిలిన్‌ను విస్తారంగా వాడటమే దానికి ఊతమిచ్చింది. 2022లో మరో అధ్యయనం ఇంకా వెనక్కి వెళ్లింది. యూరప్‌లోని ముళ్లచుంచుల చర్మం మీద పెరిగే ఒక శిలీంధ్రం పెనిసిలిన్ వంటి పదార్థాలను తయారుచేస్తుంది. ఆ జంతువుల మీద బతికే స్టాఫ్‌లో ఒక రకపు నిరోధకత రెండు వందల ఏళ్ల క్రితమే పుట్టిందని తేలింది. మనిషి యాంటీబయాటిక్‌లు నిరోధకతను సృష్టించలేదు. ఉన్నదాన్ని ఏరి, పెంచి, ఆసుపత్రుల్లోకి తెచ్చాయి.

నిరోధకత పనిచేసే తీరు

స్టాఫ్ బతకాలంటే తన కణకవచాన్ని నిరంతరం అల్లుకుంటూ ఉండాలి. ఆ అల్లికను ముడివేసే ఎంజైమ్‌లను పెనిసిలిన్ బంధక ప్రోటీన్లు అంటారు. పెనిసిలిన్ వాటిని పట్టుకుని కదలనివ్వదు, కవచం బలహీనపడి క్రిమి పగిలిపోతుంది. దీనికి స్టాఫ్ రెండు ఎత్తులు వేసింది. మొదటిది పెనిసిలినేజ్ అనే ఎంజైమ్‌తో మందు అణువులోని వలయాన్నే తెంపడం. మెథిసిలిన్ ఈ ఎంజైమ్‌కు చిక్కకుండా రూపొందిన మందు.

రెండవది మరింత లోతైనది. మెక్‌ఏ అనే జన్యువు పీబీపీ2ఏ అనే అదనపు ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. ఈ ప్రోటీన్‌కు పెనిసిలిన్ కుటుంబపు మందులు అంటుకోవు. పాత ప్రోటీన్లన్నీ మందు పట్టులో ఉన్నా ఇది ఒక్కటే కవచం అల్లుతూ పోతుంది. అందువల్ల మందు మోతాదు పెంచినా, అమాక్సిసిలిన్‌కు క్లావులానిక్ ఆమ్లం జోడించినా ఫలితం ఉండదు. క్లావులానిక్ ఆమ్లం అడ్డుకునేది మొదటి ఎత్తును మాత్రమే.

మెక్‌ఏ ఒంటరిగా ఉండదు. ఎస్‌సీసీమెక్ అనే, చోటు మార్చగల జన్యుఖండంలో కూర్చుని ఉంటుంది. జపాన్‌లో హిరామత్సు బృందం దీని నిర్మాణాన్ని 1990ల చివర వివరించింది. ఆసుపత్రి రకాల్లో ఈ ఖండం పొడవుగా, మరికొన్ని మందుల నిరోధక జన్యువులను కూడా మోసుకుంటూ ఉంటుంది. సమాజంలో తిరిగే రకాల్లో చిన్నదిగా ఉంటుంది. 2011లో మెక్‌సీ అనే మరో జన్యువు బ్రిటన్ పాడిపశువుల్లో బయటపడింది. మెక్‌ఏ కోసం మాత్రమే వెతికే పరీక్షలు దీన్ని పట్టలేవు.

వ్యాంకోమైసిన్ విషయం వేరు. 1958లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు దశాబ్దాలపాటు మర్సాకు ఆఖరి ఆసరాగా నిలిచింది. 1996లో జపాన్‌లో ఒక రోగి నుంచి దానికి పాక్షికంగా లొంగని రకం దొరికింది. కణకవచాన్ని మందంగా పెంచుకుని, లోపలికి చేరేలోగానే మందును చిక్కించుకోవడం దాని తీరు. 2002లో మిషిగన్ రాష్ట్రంలో పూర్తిగా లొంగనిది కనిపించింది. పేగుల్లో ఉండే ఎంటరోకాకస్ నుంచి వ్యాన్‌ఏ అనే జన్యువును అది అందుకుంది. ఇలాంటి పూర్తి నిరోధకత ఇప్పటికీ చాలా అరుదు.

క్యాథెటర్, కృత్రిమ కీలు, పేస్‌మేకర్ తీగ వంటి వాటి మీద స్టాఫ్ జిగటపొరగా పేరుకుంటుంది. ఈ పొర లోపలి క్రిములు ల్యాబ్‌లో లొంగినట్టు కనిపించిన మందుకు కూడా చావకపోవచ్చు (చూ. బయోఫిల్మ్).

రకాలు

ఆసుపత్రి రకాలు, సమాజ రకాలు, పశు సంబంధ రకాలు అని విభజించడం వాడుక. మొదటి రెండింటి మధ్య గీత ఇప్పుడు బాగా చెరిగిపోయింది.

ఆసుపత్రి మర్సా శస్త్రచికిత్స, డయాలసిస్, ఐసీయూ, దీర్ఘకాల క్యాథెటర్లతో ముడిపడినది. ఆసుపత్రి ముఖం చూడనివారిలో మర్సా 1990ల ఆరంభంలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని మారుమూల ఆదివాసీ సమూహాల్లో కనిపించింది. 1997–99 మధ్య అమెరికాలోని మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో అంతవరకు ఆరోగ్యంగా ఉన్న నలుగురు పిల్లలు దీనివల్ల చనిపోవడంతో ప్రపంచం దృష్టి సమాజ రకాల మీదికి మళ్లింది. తరువాత యూఎస్‌ఏ300 అనే రకం క్రీడాజట్లు, జైళ్లు, సైనిక శిబిరాల్లో పాకింది. తెల్లరక్తకణాలను చంపే పాంటన్–వాలెంటైన్ ల్యూకోసిడిన్ అనే విషపదార్థం ఇలాంటి రకాల్లో తరచు ఉంటుంది.

పశు సంబంధ రకాల్లో ముఖ్యమైన సీసీ398 నెదర్లాండ్స్‌లో 2000ల మధ్యలో పందుల పెంపకందారుల్లో గుర్తింపు పొందింది.

భారత ఉపఖండానికి తనదైన రకం ఒకటుంది. ఎస్‌టీ772 అనే దీన్ని బెంగాల్ బే క్లోన్ అంటారు. ఇక్కడే పుట్టి, ప్రయాణికుల ద్వారా ఇతర ఖండాలకు చేరినట్టు జన్యు అధ్యయనాలు చూపాయి. సమాజ రకపు విషశక్తి, ఆసుపత్రి రకపు బహుళ మందుల నిరోధకత రెండూ ఒకేచోట కలవడం దీని ప్రత్యేకత. బ్రిటన్ ఆసుపత్రులను ముంచెత్తిన ఎస్‌టీ22 కుటుంబం కూడా మన దేశంలో విస్తారంగా ఉంది.

భారతదేశంలో

దేశంలోని 15 కేంద్రాలు 2008, 2009 సంవత్సరాల్లో జరిపిన సర్వేలో స్టాఫ్ ఆరియస్ నమూనాల్లో దాదాపు 41 శాతం మర్సాగా తేలింది. భారత వైద్య పరిశోధన మండలి 2013లో మొదలుపెట్టిన నిరోధకత పర్యవేక్షణ వ్యవస్థ లెక్కల్లో ఈ వాటా 2016లో 28 శాతం చుట్టుపక్కల ఉండి, 2021 నాటికి 40 శాతం దాటింది. ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇవి ప్రధానంగా పెద్ద ఆసుపత్రుల నుంచి వచ్చాయి. అప్పటికే పలుచోట్ల మందులు వాడి వచ్చిన రోగులు అక్కడ ఎక్కువ. ఊళ్లో సెగగడ్డ లేచిన ప్రతి ఇద్దరిలో ఒకరికి మర్సా ఉందని వీటికి అర్థం కాదు.

ప్రపంచవ్యాప్తంగా మర్సా నిరోధకత కారణంగా సంభవించిన మరణాలు 1990లో సుమారు 57 వేలు, 2021లో సుమారు 1.30 లక్షలని 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. పరిశీలించిన మందు–క్రిమి జంటలన్నిటిలో ఈ పెరుగుదలే అతి పెద్దది.

మందుల చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్మడాన్ని కట్టడి చేయడానికి 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమలులోకి వచ్చింది. చీటీ లేకుండా వాడకూడదని సూచిస్తూ మందు పట్టీల మీద వేసే ఎర్రగీతపై 2016లో ప్రచారం జరిగింది. 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక, 2018లో కేరళ రాష్ట్ర ప్రణాళిక వెలువడ్డాయి. అయినా మెడికల్ షాపులో నోటిమాట మీద యాంటీబయాటిక్ దొరకడం ఆగలేదు. అలా కొనే సెఫిక్సిమ్ మామూలు స్టాఫ్ మీద కూడా సరిగా పనిచేయదన్నది కొనేవారికి తెలియని సంగతి. సిప్రోఫ్లాక్సాసిన్ అతివాడకం మర్సాకు అనుకూలించే కారణాల్లో ఒకటి. భారతీయ మర్సా రకాల్లో అత్యధికం ఆ మందుకు లొంగవు.

వ్యాప్తి, ముప్పు ఉన్నవారు

మర్సా ప్రధానంగా చేతుల ద్వారా పాకుతుంది. వైద్యుడు, నర్సు, డ్రెస్సింగ్ చేసే సిబ్బంది ఒక రోగిని తాకి, చేతులు శుభ్రం చేసుకోకుండా మరొకరిని తాకడం అసలు దారి. స్టెతస్కోప్, బీపీ పట్టీ, మంచం చట్రం, దుప్పట్లు తరువాతివి. మన ప్రభుత్వాసుపత్రుల్లో రోగికి తోడుగా ఉండే బంధువులే పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, పక్క మంచం వారికి సాయపడటం చేస్తారు. చేతుల శుభ్రత శిక్షణ సిబ్బంది దగ్గరే ఆగిపోతే ఈ దారి తెరిచే ఉంటుంది. విదేశీ మార్గదర్శకాల్లో దీనికి చోటు లేకపోవడం సహజం; ఇక్కడి వార్డులకు రాసే నియమాల్లో తప్పక ఉండాలి.

మధుమేహులు, డయాలసిస్ రోగులు, కాలిన గాయాలున్నవారు, కృత్రిమ కీళ్లు లేదా కవాటాలు అమర్చినవారు, తామర వంటి చర్మవ్యాధులున్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, ఇటీవల యాంటీబయాటిక్‌లు వాడినవారు ఎక్కువ ముప్పులో ఉంటారు. ఇంట్లో తువ్వాళ్లు, రేజర్లు పంచుకోవడం వల్ల కుటుంబంలో పాకవచ్చు.

రోగ రూపాలు

అత్యధికం చర్మానికి సంబంధించినవి: సెగగడ్డలు, చీము గడ్డలు, సెల్యులైటిస్, కోత పుండు చీముపట్టడం, మధుమేహుల కాలిపుండ్లు. లోపలికి పాకితే ఎముక, కీలు, కండరాల్లో చీము చేరుతుంది. ఇన్‌ఫ్లుయెంజా తరువాత వచ్చే స్టాఫ్ న్యుమోనియా కొద్ది గంటల్లోనే ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు.

అన్నిటికంటే ప్రమాదకరం క్రిమి నెత్తురులో చేరడం. అక్కడి నుంచి గుండె కవాటాలు, వెన్నుపూసలు, మెదడు దేనినైనా పట్టవచ్చు. రక్తంలో స్టాఫ్ ఆరియస్ చేరినవారిలో చికిత్స అందినా నాలుగింట ఒక వంతు వరకు నెల తిరక్కుండా చనిపోతున్నారు.

నిర్ధారణ

యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే చీము లేదా రక్తం కల్చర్‌కు పంపడం చికిత్స మొత్తానికి పునాది. మందు పడ్డాక తీసిన నమూనాలో క్రిమి పెరగకపోవచ్చు; అప్పుడు వారాల తరబడి సాగే చికిత్స ఊహ మీద నడుస్తుంది. పుండు పైపొరను తుడిచి పంపేకంటే లోపలి చీమును సిరంజితో తీసి పంపడం మేలు.

ల్యాబ్‌లో కోయాగులేజ్ పరీక్షతో స్టాఫ్ ఆరియస్‌ను గుర్తించి, 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ బిళ్ల చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని కొలుస్తారు. వ్యాసం 21 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువైతే మర్సా. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. పీసీఆర్ యంత్రాలు మెక్‌ఏను గంటల్లో పట్టేస్తాయి, ఖర్చు మాత్రం ఎక్కువ. వ్యాంకోమైసిన్‌కు బిళ్ల పరీక్ష నమ్మదగినది కాదు. క్రిమి పెరుగుదలను ఆపే కనిష్ఠ గాఢతను విడిగా కొలవాలి. క్లిండామైసిన్‌కు లొంగుతున్నట్టు కనిపించినా ఎరిత్రోమైసిన్ సమక్షంలో లొంగనివి కొన్ని ఉంటాయి. బిళ్లలు రెండూ పక్కపక్కన పెడితే వలయం ఒకవైపు చదునై ఇంగ్లీషు ‘డి’ ఆకారం వస్తుంది కనుక దీన్ని డి-పరీక్ష అంటారు.

చికిత్స

చీము గడ్డకు మొదటి చికిత్స కోసి చీము తీయడం. చిన్న గడ్డలు చాలావరకు దీనితోనే మానతాయి. గడ్డ పెద్దదైనా, చుట్టూ ఎరుపు పాకినా, జ్వరం ఉన్నా కోట్రిమాక్సజోల్, డాక్సీసైక్లిన్ లేదా ల్యాబ్ ఫలితాన్ని బట్టి క్లిండామైసిన్ వాడతారు. ఇవన్నీ పాత, చవకైన మందులే. వీటికి లొంగే చోట కూడా నేరుగా లినెజోలిడ్ రాయడం మన దేశంలో పెరుగుతున్న అలవాటు. మందులకు లొంగని క్షయ చికిత్సలోనూ లినెజోలిడ్ కీలకం (చూ. క్షయ, బహుళ మందుల నిరోధక). సెగగడ్డలకు దాన్ని ఖర్చు చేయడం క్షయ రోగులకు అన్యాయం. రెండు వారాలు దాటి వాడితే రక్తఫలకికలు పడిపోవడం, ఇంకా పొడిగిస్తే కంటి నరం దెబ్బతినడం దీని దుష్ప్రభావాలు.

రక్తంలో చేరిన మర్సాకు వ్యాంకోమైసిన్ లేదా డాప్టోమైసిన్‌ను సిరలోకి ఎక్కిస్తారు. వ్యాంకోమైసిన్‌ను గంటకు తక్కువ కాకుండా నెమ్మదిగా ఇవ్వాలి. వేగంగా ఎక్కిస్తే ఒళ్లు ఎర్రబడి దురద, రక్తపోటు తగ్గుదల రావచ్చు. మూత్రపిండాలు దెబ్బతినకుండా రక్తంలో మందు స్థాయిని కొలుస్తూ మోతాదు సరిచేస్తారు. డాప్టోమైసిన్‌ను ఊపిరితిత్తుల్లోని సర్ఫాక్టెంట్ నిర్వీర్యం చేస్తుంది కాబట్టి న్యుమోనియాకు అది పనికిరాదు. టీకోప్లానిన్, సెఫ్టరోలిన్ ప్రత్యామ్నాయాలు. భారతదేశంలో అభివృద్ధి చేసిన లెవోనాడిఫ్లాక్సాసిన్‌కు చర్మ ఇన్‌ఫెక్షన్ల చికిత్స కోసం 2020లో ఇక్కడ అనుమతి లభించింది.

మందు పేరు కంటే క్రమశిక్షణ ప్రధానమని ఈ రంగంలో అనుభవం చెబుతుంది. రక్తం శుభ్రపడే వరకు కల్చర్ మళ్లీ మళ్లీ పంపడం, ఎకో పరీక్షతో గుండె కవాటాలు చూడటం, క్రిమి పట్టిన క్యాథెటర్‌ను తీసేయడం, దాగిన చీమును వెతికి తొలగించడం తప్పనిసరి. చిక్కులు లేనిచోట కనీసం 14 రోజులు, ఉన్నచోట 4 నుంచి 6 వారాలు మందు నడుస్తుంది. జ్వరం తగ్గగానే ఆపేస్తే ఎముకలోనో కవాటంలోనో మిగిలిన క్రిమి తిరగబెడుతుంది. కల్చర్‌లో వచ్చినది మామూలు స్టాఫ్ అని తేలితే వ్యాంకోమైసిన్‌ను కొనసాగించకూడదు. దానిమీద సెఫజోలిన్, క్లాక్సాసిలిన్‌లే బాగా పనిచేస్తాయి.

నివారణ

నెదర్లాండ్స్ 1980ల చివరి నుంచి ‘వెతికి తుడిచిపెట్టు’ పద్ధతిని పాటిస్తోంది. ముప్పున్న రోగులను ఆసుపత్రిలో చేరిన వెంటనే పరీక్షించి, విడిగా ఉంచి, వాహకులైన సిబ్బందికి కూడా చికిత్స చేస్తారు. అక్కడి రక్త నమూనాల స్టాఫ్‌లో మర్సా వాటా ఒకటి రెండు శాతమే. ఇంగ్లండ్ అనుభవం ఇంకా గమనించదగినది, ఎందుకంటే అది ఆలస్యంగా మేల్కొన్న దేశం. 2001లో ప్రతి ఆసుపత్రీ రక్తంలో మర్సా కేసుల సంఖ్యను వెల్లడించడం తప్పనిసరి చేసింది. 2003–04లో సుమారు 7,700గా ఉన్న కేసులను 2008 కల్లా సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుని సాధించింది. 2012–13కు అవి వెయ్యి లోపుకు దిగాయి. ఈ తగ్గుదల కొత్త మందుతో రాలేదు. మంచం మంచం దగ్గరా ఆల్కహాల్ హ్యాండ్‌రబ్, క్యాథెటర్ల సంరక్షణ, లెక్కలను బహిరంగంగా ఉంచడం కలిసి దీన్ని సాధ్యం చేశాయి.

ముక్కులో ముపిరోసిన్, ఒంటికి క్లోర్‌హెక్సిడిన్ స్నానం వాడి వాహక స్థితిని తగ్గించే పద్ధతిని డీకాలనైజేషన్ అంటారు. అమెరికాలో 43 ఆసుపత్రుల్లో జరిగి 2013లో వెలువడిన ప్రయోగంలో, పరీక్షలతో పని లేకుండా ఐసీయూ రోగులందరికీ దీన్ని అమలు చేసినప్పుడు మర్సా నమూనాలు 37 శాతం, అన్ని రకాల రక్త ఇన్‌ఫెక్షన్లు 44 శాతం తగ్గాయి. ఇంటికి వెళ్లిన వాహకుల మీద 2019లో ప్రచురితమైన మరో ప్రయోగంలో ఏడాదిలో మర్సా జబ్బు ముప్పు 30 శాతం తగ్గింది. ముపిరోసిన్ లేపనాన్ని ప్రతి చిన్న గీరుకూ పూతగా వాడితే ఆ సాధనమూ చేజారుతుంది, దానికి లొంగని రకాలు ఇప్పటికే ఉన్నాయి.

ఇంటి దగ్గర పాటించవలసినవి కొద్దివే. పుండును కప్పి ఉంచాలి. సెగగడ్డను పిండకూడదు. తువ్వాళ్లు, రేజర్లు ఎవరివి వారికే ఉండాలి. డ్రెస్సింగ్ మార్చే ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

టీకా ప్రయత్నాలు

స్టాఫ్ ఆరియస్‌కు ఇంతవరకు టీకా లేదు. మెర్క్ సంస్థ గుండె శస్త్రచికిత్స రోగులపై జరిపిన ప్రయోగం 2011లో, వెన్నెముక శస్త్రచికిత్స రోగులపై ఫైజర్ జరిపినది 2018లో ప్రయోజనం కనిపించక ఆగిపోయాయి. మెర్క్ టీకా తీసుకున్నాక స్టాఫ్ సోకినవారిలో మరణాలు టీకా తీసుకోనివారి కంటే ఎక్కువగా ఉండటం పరిశోధకులను మరింత ఆలోచింపజేసింది. పుట్టిన నాటి నుంచి మనిషిని అంటిపెట్టుకుని ఉండే క్రిమిపై ప్రతిదేహాలు దాదాపు అందరిలోనూ ముందే ఉంటాయి, అయినా అవి రక్షించవు. ఏ రకమైన రోగనిరోధక స్పందన నిజంగా కాపాడుతుందో తేల్చే పని మీదే ఇప్పటి పరిశోధన నడుస్తోంది (చూ. టీకాలు, రోగనిరోధక వ్యవస్థ).